తిరువయ్యారు గానవేదిక – బెంగుళూరు నాగరత్నమ్మ

తంజావూరునకు ఉత్తరముగా సుమారు 13 కిలోమీటర్ల దూరమున, కావేరీతీరమున తిరువయ్యారు అను చిన్న పట్టణము కలదు. అయిదు నదుల నడుమ వెలసినదగుటచే దానిని పంచనదక్షేత్రమనియు పిలుతురు. పంచనదీశ్వరుని ఆలయము, దాని చుట్టు వీధులు, ఊరు దాటిన వెంటనే వరిచేలు. ఏడాది పొడవునను తక్కిన తాలూకా పట్టణములవలె నిదానముగా బ్రదుకు నీ యూరు, పుష్యబహుళ పంచమి సమీపించుసరికి దక్షిణదేశపు సంగీత విద్వాంసులందరకు మజిలీ యగును. దేశమంతట పేరుపొందిన గాయకుడును, నిన్నమొన్న వర్ణములు నేర్చిన బాలికయు అచ్చట ఒకే పందిరి క్రింద తమ వంతు కొరకు కనిపెట్టుకొని యుందురు. ఒక్కొక్కరికి దొరకునది కొలది నిమిషములు మాత్రమే. పాడినవారికి సంభావన లేదు. వినువారిలో పెక్కుమంది తమిళులు. పాటలలో పెక్కు తెలుగు.

ఈ తెలుగు అచ్చటికి ఎట్లు చేరెనో సాహిత్యాభిమానులకు తెలియనిది కాదు. నాయకరాజుల కాలమున తంజావూరు తెలుగు కవిత్వమునకు రాజధాని. రఘునాథ నాయకుని కొలువున తెలుగు కావ్యములు, యక్షగానములు వెలసెను. 1670ల నడుమ రాజ్యము మహారాష్ట్రుల చేతికి పోయినను, సంగీతమునకు తెలుగే భాషగా నిలిచిపోయెను. ఆంధ్రదేశమునుండి తరలిపోయి అచ్చట స్థిరపడిన కుటుంబములలో కాకర్లవారిది యొకటి. ఆ వంశమున కాకర్ల రామబ్రహ్మమునకు పుత్రుడై 1767లో తిరువారూరున జన్మించినవాడు త్యాగరాజు. శొంఠి వేంకటరమణయ్యవద్ద విద్య నేర్చి, జీవితములో అధికభాగము తిరువయ్యారుననే గడపి, అంత్యకాలమున సన్న్యసించి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందెను. కావేరి గట్టున సమాధి నిర్మించిరి.

అటుపిమ్మట అరువదియేండ్లకు దగ్గరగా ఆ సమాధిని పట్టించుకొన్నవారు మిక్కిలి తక్కువ. శిష్యులకు గురువుపై భక్తి లేక కాదు. ఎవరి యూరిలో వారు, ఎవరి యింట వారు ఆబ్దికదినమున పూజచేసి కీర్తనలు పాడుకొనుచుండిరి. పాట ప్రతి యింటను వెలుగుచుండగా పాటకాని సమాధిపై ముండ్లకంప పెరిగెను. 1903లో ఉమయాళ్పురము కృష్ణభాగవతరు, సుందరభాగవతరు తిరువయ్యారు వచ్చి సమాధిని చూచి వ్యసనపడి, దానిని బాగుచేయించిరి. ప్రతిసంవత్సరమును సమాధికడనే ఆరాధన జరుపవలెనను సంకల్పము అప్పుడు కలిగెను. సమీపగ్రామమైన తిల్లైస్థానము వాస్తవ్యులగు నరసింహ భాగవతరు, పంజు భాగవతరు అను సోదరులు ఆ భారమును తలకెత్తుకొనిరి. ఊరూరనుండి విద్వాంసులు రాసాగిరి. పూజ, అన్నదానము, కచేరీలు పెరిగెను.

ఉత్సవము పెరిగినకొలది కలహమును పెరిగెను. కొలది యేండ్లలోనే అన్నదమ్ములకు సరిపడలేదు. వారి వెంబడి విద్వాంసులును చీలిరి. ఒకటి ‘పెరియ కక్షి’, రెండవది ‘చిన్న కక్షి’. అనగా పెద్ద పక్షము, చిన్న పక్షము. గ్రామజీవితము ఎరిగినవారికి ఇట్టి చీలికల తీరు విప్పి చెప్పనక్కరలేదు. శ్రీరామనవమి పందిళ్లు రెండు వెలసిన యూళ్లు తెలుగుదేశమునను లేకపోలేదు. చిన్న పక్షమువారు పంచమికి ముందుగా ఉత్సవమారంభించి పంచమినాటికి ముగింతురు. పెద్ద పక్షమువారు పంచమినాడు ఆరంభించి పిమ్మటి దినములలో సాగింతురు. వయొలిన్ విద్వాంసుడు మలైకోట్టై గోవిందస్వామి పిళ్ళ చిన్న పక్షమునకును, హరికథకుడు సూలమంగళము వైద్యనాథ భాగవతరు పెద్ద పక్షమునకును పెద్దదిక్కుగా నుండిరి. తగవు ఏమైనను, ఊరివారికి వరుసగా ఎన్నో దినములు సంగీతము దక్కెను. కలహమువలన కలిగిన లాభము ఇదియొక్కటి.

ఇన్నిటను విరోధించిన రెండు పక్షములకును ఒక్క విషయమున మాత్రము పూర్ణమైన ఐకమత్యము కుదిరెను. స్త్రీలు సమాధి సన్నిధిని పాడరాదు.

ఆ కాలమున సభలలో పాడు స్త్రీలు దేవదాసీ కుటుంబములవారే. గృహస్థుల యిండ్లలోని స్త్రీలు నలుగురిలో పాడుట తప్పని సంఘము తలచెడిది. పాడువారిని సంఘము గౌరవించెడిది కాదు. కాని న్యాయముగా ఆలోచించినచో, మువ్వ గోపాలునిపై క్షేత్రయ్య రచించిన పదములు నేటికి నిలిచి యుండుటకు ఆ కుటుంబముల స్త్రీలే ముఖ్యకారణము. వీణ ధనమ్మాళ్ (1867–1938) వంటి విదుషీమణి ఆ కులమునుండి వచ్చినదే. అట్టివారు త్యాగరాజకీర్తనలు మదరాసు సభలలో పాడవచ్చును, గ్రామఫోను రికార్డులకు పాడవచ్చును; త్యాగరాజు సమాధిముందు మాత్రము పాడరాదు. ఇది ఆనాటి ధర్మము.

ఈ ధర్మమును ఎదిరించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో మైసూరు రాజ్యమందలి నంజనగూడున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మమ్మ. బాల్యమునుండియు సంగీతముతోపాటు కన్నడము, తెలుగు, సంస్కృతము అభ్యసించెను. పిమ్మట మదరాసు చేరి గానమునను హరికథాకథనమునను గొప్ప పేరు గడించెను. ఆ నగరమున ఆదాయపు పన్ను చెల్లించిన గాయనులలో ఆమెయే మొదటిదని చెప్పుదురు. లెక్కల పుస్తకములతో పరిచయము గలవారికి ఆమె సంపాదనయు ఆమె నిజాయితీయు ఈ ఒక్కమాటతో బోధపడగలవు.

తెలుగు సాహిత్యమునకు ఆమె చేసిన సేవను ఇచ్చట చెప్పకుండుట కృతఘ్నత. తంజావూరు ప్రతాపసింహుని కొలువునకు చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ అను శృంగార ప్రబంధమును రచించెను. అప్పటి అచ్చుప్రతిలో లోపములుండుట గమనించి, నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, 1910లో వావిళ్లవారిచే ముద్రింపజేసెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ కావ్యమును అశ్లీలమని దూషించియుండిరి. ప్రభుత్వము దానిని నిషేధించెను. పురుషులు రచించిన శృంగారప్రబంధములు పండితుల పీటలపై నిలిచియుండగా, స్త్రీ రచించినదానికి మాత్రమే నిషేధమేల యని నాగరత్నమ్మ వేసిన ప్రశ్నకు సరియైన సమాధానము ఆనాడు ఎవరును చెప్పలేదు. సంఘసంస్కర్తగా వీరేశలింగముగారి ఘనత దీనివలన తగ్గదు. ఈ విషయమున మాత్రము ఆయన తీర్పు తొందరపాటుతో కూడినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవవలన 1947లో నిషేధము తొలగెను. ముప్పదియారేండ్లపాటు ఓపికపట్టిన గ్రంథమది.

1921లో మైసూరు విద్వాంసుడును, ఆమె గురువులలో నొకడునగు బిడారం కృష్ణప్ప తిరువయ్యారు దర్శించి, సమాధి మరల పాడుపడియున్నదని ఆమెకు జాబు వ్రాసెను. పక్షములు రెండున్నను, సమాధికి కప్పు లేదు, చుట్టును మురికి. సంవత్సరమున కొలది దినములు పందిరి వేయుటయు, తీసివేయుటయు తప్ప స్థలమునకు శాశ్వతమైన ఏర్పాటు లేదు. నాగరత్నమ్మ స్వయముగా పోయి చూచెను. త్యాగరాజు స్వప్నమున సాక్షాత్కరించి ఆజ్ఞాపించెనని ఆమె విశ్వసించెను.

ఆమె చేసిన మొదటి పని పాట కాదు. భూమిని గూర్చిన విచారణ. సమాధి స్థలము ఎవరిది, హద్దులెక్కడ, దారి యెటునుండి అను ప్రశ్నలు పందిరి వేసినవారు అడిగినట్లు కనబడదు. ఈమె అడిగెను. భూస్వామితో మాటలాడి స్థలము సంపాదించెను. 1921 అక్టోబరులో శంకుస్థాపన జరిగెను. కూడబెట్టిన సొమ్ము వెచ్చించి, సమాధిపై గుడి కట్టించి, త్యాగరాజ విగ్రహమును ప్రతిష్ఠింపజేసి, నిత్యపూజకు ఏర్పాటు చేసెను. ఆ దశాబ్దము సగము గడచునప్పటికి కావేరి గట్టున గుడి నిలిచెను.

ఇంతవరకు అందరును సంతోషించిరి. పిమ్మట ఆమె ఒక్క కోరిక కోరెను: ఆరాధనలో తానును హరికథ చెప్పవలెనని. పక్షములవారు నిరాకరించిరి. స్థలము ఆమెది, గుడి ఆమె కట్టించినది, పాటలు ఆమెకు కంఠస్థములు. వేదిక మాత్రము ఆమెకు లేదు. దాతగా ఆమె పేరు పనికివచ్చెను గాని, గాయనిగా ఆమె గొంతు పనికిరాలేదు. విద్వాంసులలో విశాలహృదయులు లేకపోలేదు. కట్టుబాటును కాదను ధైర్యము వారికి చాలలేదు.

ఆమె కోపగించి మదరాసు వెడలిపోయినచో కథ అచ్చటనే ముగిసియుండెడిది. 1927లో ఆమె గాయనులను కూడగట్టి, గుడి వెనుకభాగమున వేరుగా ఆరాధన ఆరంభించెను. ముందు పురుషులు, వెనుక స్త్రీలు. దానికి ‘పెంగళ్ కక్షి’, అనగా ఆడవారి పక్షమని పేరు వచ్చెను. మదరాసు మున్నగు చోట్లనుండి పేరున్న గాయనులు వచ్చి పాడిరి. వినువారు ఎటు మంచి పాట వినవచ్చిన అటు తిరుగుదురు గదా! ముందున్నవారికి వెనుక పాటను విననట్లు నటించుట నానాటికి కష్టమయ్యెను.

మూడు పక్షములతో ఉత్సవము పదియేండ్లకు పైగా నడచెను. ఒక సంతుకు మూడు సంఘములు, మూడు చందాలు. తుదకు ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్యయ్యరు మున్నగువారు పూనుకొని రాజీ కుదిర్చిరి. పక్షములన్నియు కలిసి త్యాగబ్రహ్మ మహోత్సవ సభగా ఏర్పడెను. 1941 ఆరాధన ఒకే వేదికపై జరిగెను. స్త్రీలు సన్నిధిని పాడిరి. నాగరత్నమ్మకు అప్పటికి అరువది రెండవ యేడు దాటినది.

పంచరత్నకీర్తనల గోష్ఠిగానము ఈ ఐక్యమునకు పిమ్మటనే నేటి రూపము దాల్చెను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోనివి ఆ యైదు, అన్నియు ఆదితాళమే. మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. గోష్ఠిలో ఎవరి గొంతు ఏదియో తెలియదు. ఎవరు ముందు పాడవలెను, ఎవరికి ఎంతసేపు అను తగవులతో ముప్పదియేండ్లు విసిగిన సభకు ఇంతకంటె మంచి ఔషధము దొరకదు.

ఆంధ్రదేశమునకు ఈ వేదికతో గల సంబంధము భాషతోనే ముగియదు. త్యాగరాజునకు బంధువును శిష్యుడునగు మానంబుచావడి వేంకటసుబ్బయ్యవద్ద, కృష్ణాతీరమునుండి తంజావూరు సీమకు పోయి విద్య నేర్చినవారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. కావేరినుండి కృష్ణకు పాట ఇట్లు తిరిగివచ్చెను. పారుపల్లివారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) ఎనిమిదేండ్ల ప్రాయమున మొదటి పూర్తి కచేరీ చేసినది విజయవాడలో త్యాగరాజారాధనమందే. తిరువయ్యారు పోజాలని ఊళ్లు తమ యూరనే పంచమి జరుపుకొనుట అప్పటికే అలవాటైనది. చాప, తంబుర, త్యాగరాజు పటము ఉన్నచో ఆ దినమునకు ఏ యూరి సత్రమైనను చాలును. ఒక బాలుడు పాడుటకు చోటు దొరకునని మాత్రము చూడవలెను.

నాగరత్నమ్మ తన చివరి దినములు తిరువయ్యారుననే గడపెను. తన ఆస్తిని త్యాగరాజ సన్నిధికే వ్రాసియిచ్చెను. వీలునామాలో ఒక నిబంధన చేర్చుట ఆమె మరువలేదు: స్త్రీలు అచ్చట పూజించుటకును పాడుటకును అడ్డు చెప్పరాదు. నోటిమాటతో కుదిరిన రాజీ నోటిమాటతోనే చెడునని ఆమెకు తెలియును; అందుచే కాగితముపై నెక్కించెను. 1952 మే 19వ తేదీన ఆమె మరణించెను. త్యాగరాజు గుడికి ఎదుటనే ఆమె సమాధి, చేతులు జోడించి అటువైపే చూచుచున్న ఆమె విగ్రహము కలవు. పంచమినాటి ఉదయమున ఉంఛవృత్తి భజన ఊరి వీధులు తిరిగి సన్నిధికి చేరిన పిమ్మట పంచరత్నములు ఆరంభమగును. పురుషులతోపాటు స్త్రీలును వరుసలుగా కూర్చుండి, నాట రాగమెత్తుకొందురు.