వాడిన డిజిటల్ కెమెరా

వాడిన డిజిటల్ కెమెరా అనగా ఒకరు కొంతకాలము ఉపయోగించి మరొకరికి విక్రయించు డిజిటల్ కెమెరా. వాడుకలో దీనిని సెకండ్ హ్యాండ్ కెమెరా అంటారు. ఫోటోగ్రఫీ నేర్చుకొనువారు తక్కువ ఖర్చుతో మంచి కెమెరా పొందుటకు ఇది ఒక మార్గము. అయితే పైకి కనబడని లోపములున్నచో మరమ్మతు ఖర్చు కొన్న ధరను మించిపోవచ్చును.

నేపథ్యము

2003లో కెనాన్ ఈఓఎస్ 300డి 1,000 డాలర్ల లోపు ధరకు విడుదలైన తరువాత డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలు సామాన్యులకు చేరువైనవి. 2018లో కెనాన్, నికాన్ సంస్థలు అద్దము లేని (మిర్రర్‌లెస్) ఫుల్ ఫ్రేమ్ కెమెరాలను ప్రవేశపెట్టినవి. అనేకులు వాటికి మారుటచే పాత ఎస్ఎల్ఆర్‌లు తక్కువ ధరకు దొరకుచున్నవి.

ఎంపిక

* మెగాపిక్సెళ్ళు: వీటి సంఖ్య ఒక్కటే నాణ్యతకు కొలత కాదు. 6 మెగాపిక్సెళ్ళ చిత్రమును అంగుళానికి 300 చుక్కల చొప్పున సుమారు 10 అంగుళముల వెడల్పుతో ముద్రించవచ్చును.
* సెన్సారు: ఎస్ఎల్ఆర్‌లలో సాధారణమైన ఏపీఎస్-సీ సెన్సారు వైశాల్యము, చిన్న కాంపాక్ట్ కెమెరాలలోని 1/2.3 అంగుళాల సెన్సారుకు సుమారు 13 రెట్లు ఉండును. అందువలన తక్కువ వెలుతురులో మెరుగైన చిత్రములు వచ్చును.
* లెన్సు (కటకము): నికాన్ డి40, డి60 కెమెరాలలో ఫోకస్ మోటారు లేదు. మోటారు లేని పాత లెన్సులను వీటికి అమర్చినచో చేతితోనే ఫోకస్ చేయవలెను. డి90లో ఈ మోటారు ఉన్నది.
* మెమరీ కార్డు: 2006కు ముందు వచ్చిన అనేక కెమెరాలు 2 గిగాబైట్లకు మించిన ఎస్‌డీ కార్డులను గుర్తించవు. ఎక్స్‌డీ కార్డుల తయారీ నిలిచిపోయినది.

పరీక్షించు విధానము

# షట్టరు: నికాన్ డి90 షట్టరును 1,00,000 సార్లు పరీక్షించినట్లు తయారీదారు ప్రకటించెను. అంతకు మించి పనిచేయునవి, ముందే పాడగునవి కూడా ఉండును. నికాన్ ఎస్ఎల్ఆర్‌లతో తీసిన చిత్రముల ఎగ్జిఫ్ సమాచారములో ఈ లెక్క కనబడును.
# సెన్సారు: ఎపర్చరును ఎఫ్/16 వద్ద ఉంచి తెల్లని గోడను ఫోటో తీయవలెను. నల్లని మచ్చలు ధూళిని సూచించును, దీనిని శుభ్రపరచవచ్చును. గీతలు పడిన సెన్సారును కొనరాదు.
# లెన్సు: టార్చిలైటు వెలుతురును ఒకవైపు నుండి ప్రసరింపజేసి లోపలికి చూడవలెను. సాలెగూడు వంటి పోగులు కనబడినచో అది ఫంగస్ (బూజు). ఇది గాజుపై పూతను తినివేయును. శుభ్రపరచినను మరకలు మిగలవచ్చును.
# బ్యాటరీ: ఉబ్బిన బ్యాటరీని తిరస్కరించవలెను. ఛార్జరు, కొత్త బ్యాటరీ దొరకునో లేదో ముందే విచారించవలెను.
# బిల్లు: కెమెరాపై ఉన్న సీరియల్ నంబరును అసలు బిల్లుతో సరిచూడవలెను. దొంగసొత్తు కొనకుండుటకు ఇది అవసరము.

పైవాటిని పరీక్షించుటకు అవకాశమియ్యని విక్రేత వద్ద, ధర ఎంత తక్కువైనను కొనకుండుట మేలు.

నిల్వ

కోస్తా ఆంధ్ర వంటి తేమ గల ప్రాంతములలో లెన్సుకు బూజు త్వరగా పట్టును. కెమెరాను తోలుసంచిలో మూసి ఉంచక, సిలికాజెల్‌తో పాటు గాలి చొరని డబ్బాలో భద్రపరచవలెను.

ఇవి కూడా చూడండి

* డిజిటల్ కెమెరా
* ఫోటోగ్రఫీ
* కటకము