రంగ్ మహల్ లేని రెసిడెన్సీ

పాడుబడ్డ ఇళ్లంటే నాకు ఇష్టం. పెచ్చులూడిన గోడలు, పగుళ్లలో మొలిచిన రావిమొక్కలు, రంగు వెలిసిన తలుపులు కథలు అల్లుకోమంటాయి. హైదరాబాదు కోఠీలోని పాత రెసిడెన్సీ చాలాకాలం అలాంటి ఇల్లే. అయితే మనం మురిసిపోయే ఆ శిథిలంలో ఎవరి గదులు మిగిలాయి?

బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో ఈ భవనం కట్టించడం మొదలుపెట్టాడు. ఎత్తైన స్తంభాలు, మెట్లకి ఇరువైపులా సింహాలు, అంతా అధికార ప్రదర్శనే. అతను పెళ్లాడిన ఖైరున్నీసా ఉండే జనానా పేరు రంగ్ మహల్. 1805లో వాళ్ల పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేశారు. ఆ ఏడాదే కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పిల్లల్ని మళ్లీ చూడకుండానే, ముప్ఫై ఏళ్లైనా నిండకుండానే 1813లో ఆమె కన్నుమూసింది. 1860 ప్రాంతంలో రంగ్ మహల్‌ని కూల్చేశారు. ఇప్పుడు కొద్దిపాటి ఆనవాళ్లే మిగిలాయి.

1949లో మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. అధికారం కోసం కట్టిన ఇంట్లో తరతరాల అమ్మాయిలు చదువుకున్నారు. శిథిలమవుతున్న ఈ భవనం 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాద జాబితాకెక్కింది. మరమ్మతుల తర్వాత 2023లో సందర్శకులకి తెరిచారు.

సంతోషమే. కానీ పాడుబడటానికైనా ముందు నిలిచి ఉండాలి కదా! దర్బారు హాలుకి ఆ భాగ్యం దక్కింది, జనానాకి దక్కలేదు. ఇక్కడ చదువుకున్న ఆడవాళ్ల జ్ఞాపకాల్ని ఇప్పుడైనా రాసిపెట్టుకోకపోతే అవీ మరో రంగ్ మహల్ అవుతాయి.