తాటికల్లు (ఓరుగల్లు ప్రాంతం)

తాటిచెట్టు పూతగెల నుంచి కారే తీపినీరు పులిసి తయారయ్యే తెల్లని మత్తు పానీయం తాటికల్లు. హనుమకొండ, వరంగల్, జనగామ జిల్లాల్లో చెరువు కట్టల మీద, వాగుల ఒడ్డున, చేల గట్ల మీద పెరిగే తాళ్ల నుంచి గౌడ కులస్థులు తరతరాలుగా దీన్ని దింపుతున్నారు. ఈతకల్లు కూడా ఇక్కడ మామూలే. ములుగు అడవుల వైపు జీలుగు కల్లు తాగుతారు. తాటికల్లు ఆయుష్షు ఒక్క పూట. దాని చరిత్రను మలుపులు తిప్పింది ఈ గుణమే. నిలవుండని సరుకు మీద పన్ను వేయాలంటే పాలకులకు చేతికందేది చెట్టు ఒక్కటే.

గెల నుంచి దిగేటప్పుడు నీరు తేటగా ఉంటుంది. అందులో నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెర. లొట్టిలో (కల్లుకుండలో) అంటుకుని ఉన్న పాత మడ్డి, గాలిలోని ఈస్టు, బ్యాక్టీరియా కలిసి కొన్ని గంటల్లోనే దాన్ని పులియబెడతాయి. కల్లు తెల్లదనం ఈ సూక్ష్మజీవుల వల్ల వచ్చేదే. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి తీపి పోయి ఘాటెక్కుతుంది, ఆల్కహాలు 4, 5 శాతానికి చేరుతుంది. మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది, అప్పుడు దిగేది నీరా.

గీత పని సులువైనది కాదు. తాడి పూతకు రావడానికే పది పదిహేనేళ్లు పడుతుంది. నడుముకు మోకు తాడు, వెనుక ముస్తాదు, అందులో గీతకత్తులు పెట్టుకుని గీత కార్మికుడు పొద్దున, సాయంత్రం చెట్టెక్కి గెలను పలచగా గీసి దిగుతాడు. ఒకటి రెండు పూటలు మానితే గాటు ఎండిపోతుంది. కాబట్టి సీజన్‌లో సెలవు లేదు. దించిన కల్లు మండువకు, అంటే కల్లు అమ్మే చోటుకు, చేరుతుంది. గ్రామదేవతలైన ఎల్లమ్మకు, పోచమ్మకు సాక పోయడానికీ ఇదే కావాలి. గౌడుల కులదైవం కాటమయ్యను తలుచుకోకుండా మోకు కట్టేవారు తక్కువ.

ఈ వృత్తి నుంచి చరిత్రకెక్కిన పెద్ద పేరు సర్వాయి పాపన్నది. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్, తాటికొండల్లో కోటలు కట్టుకుని, 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్ కోట మీద పడి నగరాన్ని కొల్లగొట్టాడు. మొఘలులు అతణ్ణి 1710లో పట్టుకుని చంపారు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్‌కు అతడు దొంగ. ఊళ్లలో పాడుకున్న వాళ్లకు వీరుడు. ఆ పాటను జె.ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో అచ్చువేయించాడు. కల్లుకుండ మోసిన కులంలో పుట్టినవాడు మొఘల్ సుబేదార్లను నిద్రపోనివ్వలేదన్నది మాత్రం ఇద్దరి కథనాల్లోనూ ఉన్న నిజం.

నిజాం పాలనలో ఆబ్కారీ ఖజానాకు ప్రధాన ఆదాయాల్లో ఒకటి. సర్కారు చెట్లకు లెక్క కట్టి పన్ను వేసింది, కల్లు అమ్మే హక్కును గుత్తకు ఇచ్చింది. పాట పాడి గుత్త దక్కించుకున్నవాడు కాంట్రాక్టరు, చెట్టెక్కేవాడు కూలి. పడి చచ్చినా అడిగే దిక్కు లేదు. ఆదాయం చెట్టులో ఉందని ఉద్యమకారులకూ తెలుసు. 1947లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో నిజాం రాబడికి గండి కొట్టడానికి తాటి, ఈత చెట్లను నరికారు. దెబ్బ ఖజానాకు తగిలినా, దానితో పాటు పొయ్యి ఆరింది గీతగాడి ఇంట్లో. ఈ సంగతిని స్వాతంత్ర్య పోరాట చరిత్రలు పెద్దగా పట్టించుకోలేదు.

గీత కార్మికులను సంఘటితం చేసిన ఘనత సూర్యాపేటకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షానికి దక్కాలి. తర్వాత నల్గొండ నుంచి 1991, 1996 ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచిన ఆయన, గుత్తేదారును తప్పించి చెట్టును గీసేవాడికే ఇవ్వాలని పోరాడారు. సహకార సంఘాలు, ‘గీసేవాడికే చెట్టు’ పథకం ఆ ఒత్తిడి వల్లే వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక చెట్ల పన్ను రద్దయింది. హైదరాబాద్‌లో 2004లో మూతపడిన కల్లు దుకాణాలు 2014లో తెరుచుకున్నాయి. 2021లో మద్యం దుకాణాల కేటాయింపులో గౌడులకు 15 శాతం కోటా ఇచ్చారు. అంటే కల్లుకు పోటీగా నిలిచిన సీసా సరుకునే వాళ్ల చేత అమ్మించారన్నమాట.

చెట్టు మీద పన్ను పోయినా చెట్టుకు మాత్రం రక్షణ దొరకలేదు. ప్లాట్లుగా మారిన చేలల్లో గట్లు చదునయ్యాయి, వాటితో తాళ్లూ పోయాయి. చెట్లు తగ్గి గిరాకీ తగ్గని పట్టణాల్లో కల్తీ పెరిగింది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లు అది దొరక్కపోతే వణుకుతూ, మతి చలించి ఆసుపత్రుల పాలవుతారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. అలాంటి పొడులు కలిపిన నీళ్లకు కల్లు అనే పేరు తగదు.

నీరాను సీసాల్లో నింపి నిలవ ఉంచే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. చెట్టెక్కేవాళ్లు జారిపడకుండా ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్లు, బెల్టులున్న కిట్ల పంపిణీ 2024 జూలైలో మొదలైంది. దాని కోసం గీత కార్మికులు ఎన్నో తరాలు ఎదురుచూడాల్సి వచ్చింది.

అసలు తాటికల్లు రుచి తెలియాలంటే ఎండాకాలంలో, పొద్దెక్కక ముందే, తెలిసిన గీత కార్మికుడి చెట్టు కిందికే వెళ్లాలి. దించిన లొట్టి నుంచి తాటాకు రేకలో పోయించుకుని అక్కడే తాగాలి. పట్నం దుకాణంలో సాయంత్రం దొరికే కల్లు చెట్టు కింది కల్లుకు సాటిరాదు.