స్టీరింగ్ బాక్సు కారుతోందంటే: మన గంజాం రోడ్ల మీద ఒక చిన్న చరిత్ర



మనలో కొందరి ఇళ్ళలో తాతల నాటి జీపో, ఫియట్ కారో ఇంకా షెడ్డులో ఉంది. దాని ముందు చక్రం దగ్గర నేల మీద నల్లటి మరక కనిపిస్తే "పాత బండి కదా, కారుతుంది" అని వదిలేస్తాం. ఇంజన్ ఆయిలు కారితే డబ్బు ఖర్చు. స్టీరింగ్ బాక్సు కారితే తప్తపాణి ఘాటు మలుపులో మనుషుల ప్రాణాల మాట. అందుకే ఈసారి ఈ చిన్న ఇనుప పెట్టె గురించి రాస్తున్నాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు మన గంజాం మద్రాసు రాజధానిలో భాగం. మన దేశంలో ఫోర్డ్ కంపెనీ 1926లోను, జనరల్ మోటార్స్ 1928లోను అడుగుపెట్టి, బయట నుంచి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించి అమ్మేవి. స్వతంత్రం వచ్చాక ప్రభుత్వం పద్ధతి మార్చింది. ఇక్కడే తయారుచేసేవాళ్ళకే చోటు, ఊరికే బిగించి అమ్మేవాళ్ళకు లేదు అని 1953లో తేల్చింది. ఆ రెండు కంపెనీలూ దుకాణం కట్టేశాయి. వాటి కార్లు మాత్రం రోడ్ల మీద మిగిలాయి, విడిభాగాలు లేకుండా!

ఆ కరువులోంచే మన మిస్త్రీల విద్య పుట్టింది. కొత్త భాగం రాదు కాబట్టి పాతదాన్ని చదవడం నేర్చుకున్నారు. లేత్ మిషన్ మీద గన్‌మెటల్ బుష్షు కోయించడం, దళసరి కాగితంతో గాస్కెట్ కత్తిరించడం రోజువారీ పనులయ్యాయి. తరవాత మన రోడ్లకు మూడు బండ్లు అలవాటయ్యాయి: మహీంద్రా జీపు, బొంబాయి ప్రీమియర్ వాళ్ళ ఫియట్ (1970లలో పద్మిని అయింది), ఉత్తరపాడా నుంచి వచ్చిన అంబాసిడర్.

ఈ మూడింటిలో జీపుకు, ఫియట్‌కు ఉన్నది స్టీరింగ్ బాక్సు. స్టీరింగ్ కడ్డీ చివర మర లాంటి గాడి ఉంటుంది. చక్రం తిప్పితే ఆ గాడిలో జీపుకైతే పిన్ను, ఫియట్‌కైతే రోలర్ కదిలి, అడ్డంగా ఉన్న ఇంకో షాఫ్టును తిప్పుతుంది. ఆ షాఫ్టు పెట్టెలోంచి బయటికి వచ్చే చోట డ్రాప్ ఆర్మ్ బిగించి ఉంటుంది. అదే ముందు చక్రాలను లాగుతుంది. పెట్టె నిండా గేరు ఆయిలు. అంబాసిడర్‌లో ఈ పెట్టె లేదు, ర్యాక్ అండ్ పినియన్ ఉంది. దానికి ఆయిలు కారితే ముందుగా చూడాల్సింది రెండు చివరల రబ్బరు తొడుగులను.

బాక్సు ఎక్కువగా కారేది డ్రాప్ ఆర్మ్ షాఫ్టు దగ్గరే. అక్కడ ఆయిలును ఆపేది ఒక చిన్న సీలు. మొదట్లో ఇలాంటి చోట్ల ఫెల్టు, తోలు వాడేవారు. 1929లో ఆస్ట్రియాకు చెందిన వాల్టర్ సిమ్మర్ స్ప్రింగు ఉన్న తోలు సీలు తెచ్చాడు. 1930లలో తోలు స్థానంలోకి కృత్రిమ రబ్బరు వచ్చింది. ఇప్పుడు మనం ఆయిల్ సీలు అంటున్నది దాని వంశమే.

అయితే మంచి మిస్త్రీ సీలుతో మొదలుపెట్టడు. ముందు పెట్టెను శుభ్రంగా తుడిచి, నాలుగు కిలోమీటర్లు తిప్పి, చుక్క ఎక్కడ పుడుతోందో చూస్తాడు. మూత దగ్గరైతే గాస్కెట్‌తో పోతుంది. షాఫ్టు దగ్గరైతే డ్రాప్ ఆర్మ్‌ను పట్టుకుని కిందికీ పైకీ ఊపుతాడు. షాఫ్టు ఊగితే లోపల బుష్షు అరిగిందని అర్థం. ఊగే షాఫ్టు మీద ఎంత ఖరీదైన సీలు వేసినా నిలవదు. మనకు ఇంకో బాధ కూడా ఉంది. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి షాఫ్టుకు తుప్పు పడితే, ఆ గరుకు సీలు అంచును కోసేస్తుంది.

పని వరస ఇది. డ్రాప్ ఆర్మ్‌కు, షాఫ్టుకు కలిపి ముందే గుర్తు పెట్టుకోవాలి. సుత్తితో కొట్టకుండా పుల్లర్‌తో తీయాలి. బుష్షు మార్చి, షాఫ్టుకు సరిపడా రీమర్ వేయించాలి. కొత్త సీలు పెదవి ఆయిలు వైపు ఉండాలి. షాఫ్టు పళ్ళకు సీలు చిరగకుండా టేపు చుట్టి ఎక్కించాలి. మూతల కింద పల్చటి షిమ్ములు ఉంటే పారేయకూడదు, బేరింగు బిగువు వాటి మీదే ఉంటుంది. చివరి బిగింపు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే చేయాలి. మరను మధ్యలో బిగువుగా ఉండేలా తయారు చేస్తారు కాబట్టి, పక్కకు తిప్పి బిగిస్తే తిన్నగా వెళ్ళేటప్పుడు స్టీరింగ్ పట్టేస్తుంది.

"సీలు దేనికి, గ్రీజు కుక్కేస్తే సరి" అనే మాట మనందరం విన్నదే. గ్రీజు కారదు, నిజమే. కానీ గాడి దాన్ని పక్కకు తోసేశాక మళ్ళీ వెనక్కి రాదు. ఇనుము ఇనుముతో ఒరుసుకుంటుంది. మరక మాయమవుతుంది, అరుగుదల మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. కంపెనీ పుస్తకంలో గేరు ఆయిలు అని ఉంటే గేరు ఆయిలే పోయాలి.

ఈ విషయం ఇప్పుడే ఎందుకంటే, 2021లో కేంద్రం యాభై ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలన్నది షరతు. అంటే మన తాతల జీపుకు కాగితాల మీద కూడా గౌరవం దక్కే రోజు వచ్చింది. ఈలోగా దాని బాక్సు పీకి పాత ఇనుముకు వేసి, ఇంకేదో తగిలించేవాళ్ళు ఎక్కువయ్యారు. బుష్షు కోసి ఇచ్చే చేతులు తగ్గిపోతున్నాయి.

గుడి గోపురం, పట్టు మగ్గం మాత్రమే వారసత్వం అనుకుంటాం. భాగాలు దొరకని కాలంలో బండ్లను నడిపించిన ఆ చేతిపని కూడా మన ఊరి ఆస్తే. మీ పేటలో బాక్సు విప్పి బుష్షు వేయగల పెద్ద మిస్త్రీ ఇంకా పని చేస్తుంటే, ఒక కుర్రాణ్ణి ఆయన పక్కన నిలబెట్టండి. ఆయన ఒప్పుకుంటే పని చేస్తుండగా వీడియో తీయండి. మన సంఘం దగ్గర భద్రంగా దాచుదాం. షెడ్డులో బండి ఉన్నవాళ్ళు మాత్రం ఈ ఆదివారం దాని కింద ఒక అట్టముక్క పరిచి, తెల్లవారి చూడండి.