మేలైన సాంబ మసూరి (ఆర్‌పీ బయో 226)

బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనునట్లు హైదరాబాదునందలి వరి పరిశోధన సంచాలకాలయము (ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ), కణ, అణు జీవశాస్త్ర కేంద్రము (సీసీఎంబీ) కలసి రూపొందింపగా 2008లో విడుదలైన సన్నవరి వంగడము. దీనికి మూలమైన సాంబ మసూరి, అనగా బీపీటీ 5204, బాపట్ల పరిశోధన క్షేత్రమున జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి రకముల సంకరమువలన జనించినది. దాని విడుదల సంవత్సరము సాధారణముగా 1986 అని చెప్పబడుచున్నది.

తెగులు: జాంథోమోనాస్ ఒరైజే అను బాక్టీరియా ఆకు అంచులందలి నీటి రంధ్రములగుండను, గాయములగుండను చొచ్చి, నీటినాళములలో వృద్ధిపొంది, ఆకును కొననుండి ఎండించును, నత్రజని మితిమీరినచోట ఉధృతమగును, మందులచే నివారణ దుర్లభము. దీని భారతదేశ ప్రవేశమునకు 1951, 1959 అను రెండు సంవత్సరములు గ్రంథములలో కానవచ్చును. మొదటిది మహారాష్ట్ర ప్రాంతమున తెగులు కంటబడిన కాలముగను, రెండవది ఆ వృత్తాంతము ప్రచురితమైన కాలముగను గ్రహించుట యుక్తము. 1963లో బీహారునందలి షాహాబాదు ప్రాంతమున ఇది తీవ్రముగా ప్రబలినది.

నిరోధక జన్యువులు: ఆఫ్రికాఖండపు అడవివరియైన ఒరైజా లాంగిస్టామినాటానుండి గ్రహింపబడిన ఎక్స్‌ఏ21 పదునొకండవ క్రోమోజోమునందును, ఎక్స్‌ఏ13 ఎనిమిదవదానియందును, ఎక్స్‌ఏ5 ఐదవదానియందును ఉన్నవి. మొదటిది శత్రువును పసిగట్టు గ్రాహకమును నిర్మించును. అది పసిగట్టు పదార్థమేది అను విషయమున 2009 నాటి ప్రతిపాదన 2013లో ఉపసంహరింపబడినందున, 2015లో ప్రకటితమైన రాక్స్‌ఎక్స్ ప్రోటీను వాదమే విశ్వసనీయముగా కనబడుచున్నది. తక్కిన రెండును అంతర్గత జన్యువులగుటచే, తల్లిదండ్రులిరువురినుండియు సంక్రమించిననే ఫలించును. కావున తెగులు సోకించి చూచుటమాత్రముచే వానిని ప్రతి తరమునందును గుర్తింపజాలము.

నిర్మాణము: ఈ మూడింటిని ధరించిన, లూథియానాలో రూపొందిన ఎస్‌ఎస్ 1113 అను వరిని దాతగా గైకొని, సంతానమును మరల మరల సాంబ మసూరితోనే సంకరించుచు, తరతరమునను డీఎన్‌ఏ సూచికలచే జన్యువులున్న మొక్కలను మాత్రమే ఏరి, నాలుగు ప్రతిసంకరముల పిమ్మట స్వపరాగసంపర్కముచే స్థిరీకరించిరి. సన్నదనమును, వండిన అన్నపు గుణమును పోనీయక నిరోధమును మాత్రమే చేకూర్చుట ఈ కృషియందలి నిజమైన ఘనత. ఒక జన్యువును జయింపగల బాక్టీరియా రూపము పుట్టినను తక్కిన రెండును అడ్డుపడునన్న ఆశయే మూడింటిని కలుపుటకు హేతువు.

వర్గీకరణ: కొందరు దీనిని జన్యుమార్పిడి పంటగా పేర్కొనుట కలదు. ఎక్స్‌ఏ21ను 1995లో వేరుపరచి ప్రయోగశాలలో నేరుగా వరిలో ప్రవేశపెట్టిన మాట నిజమే. ఈ వంగడమున మాత్రము అది సంకరముచేతనే చేరినది గావున, సూచికాధారిత ప్రజననఫలమని చెప్పుటయే సమంజసము. సాంబ మసూరినుండియే జన్యుసవరణముచే సాధించి 2025లో ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 (కమల) దిగుబడికి ఉద్దేశింపబడినది. తెగులు నిరోధమునకు కాదు.

ఉపయోగము: నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములందు నాగార్జునసాగరు ఎడమ కాలువక్రింద బీపీటీ వేయు రైతునకు ఎండాకు తెగులు భయమున్నచోట ఇది తగిన విత్తనము. అయినను ఈ మూడు జన్యువులు అగ్గితెగులునకుగాని, పొడతెగులునకుగాని రక్షణ కావు గనుక, ఆ రెంటి విషయమున మునుపటి జాగ్రత్తలు విడువరాదు.