కార్బ్యురేటరు పోయి కంప్యూటరు వచ్చింది

కోయంబత్తూరు తెలుగువాళ్లకు మోటారు కొత్త కాదు. జి.డి.నాయుడుగారు 1920లోనే పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడిపారు. 1983లో వచ్చిన మారుతి 800కి కార్బ్యురేటరే. స్క్రూడ్రైవరుతో మనమే సరిచేసుకునేవాళ్లం. 2000లో పొగ నియమాలు బిగిశాక, పెట్రోలు ఎంత పడాలో చెప్పే పని ఇ.సి.యు. అనే పెట్టెకు పోయింది.

మా ఇంటి పాత కారు మొరాయిస్తే, ముందు బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్తు వైర్లు చూశాం. అవన్నీ బాగున్నాయని తేలాకే పెట్టె మార్చాం. పాతదాని మీది నంబరుకు సరిపోయేదే కొనాలి. ఇమ్మొబిలైజరున్న బండైతే తాళంచెవులతో జత కలపాలి, లేకుంటే స్టార్టు కాదు. చెడిన పెట్టెను మాత్రం పారేయకండి. కొత్తవి దొరకనినాడు దాన్నే బాగుచేయించుకోవాలి.