రోమ్ వీధుల్లో ఆగని నీటిధార

రోమ్ నగరం నడిబొడ్డున, పాంథియన్ ఎదుట, రాళ్లు పరిచిన ఒక కూడలి ఉంది. దాని పేరు పియాజ్జా దెల్లా రోటోండా. వచ్చినవాళ్లంతా తలెత్తి ఆ గుడి స్తంభాల్ని చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, గైడు వెంట కదిలిపోతారు. అదే కూడలిలో పోత ఇనుముతో చేసిన ఒక పొట్టి స్తంభం ఉంటుంది. మనిషి నడుము కన్నా కాస్త ఎత్తు. దానికి డ్రాగన్ తలలు మూడు, ఒక్కో నోట్లోంచీ సన్నటి నీటిధార. 1870ల్లో నాటిన వీధి కుళాయిల్లో ఈ పాత రూపంతో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో ఇదొకటి.

తర్వాత వచ్చినవాటికి డ్రాగన్ తలలు లేవు. స్తంభం నుంచి బయటికి పొడుచుకొచ్చి కిందికి వంగిన ఒక్క ఇనుప గొట్టం, అంతే. ముక్కులా ఉందని రోమ్ జనం దానికి 'నసోనె' అని పేరు పెట్టారు. నగరమంతా కలిపి ఇవి 2,500 దాకా ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు 100 కిలోల బరువు. ఒంటి మీద ఎస్.పి.క్యు.ఆర్. అన్న అక్షరాలుంటాయి. రోమన్ సెనేట్, ప్రజల పేరిట ప్రాచీన కాలం నుంచీ వస్తున్న ముద్ర అది. వీటికి తిప్పే పిడి ఉండదు. పగలూ రాత్రీ నీళ్లు పారుతూనే ఉంటాయి.

దీన్ని వాడే పద్ధతి చూసి తీరాలి. గొట్టం వంపు పైభాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. కింది మూతిని వేలితో మూస్తే నీళ్లు ఆ రంధ్రంలోంచి పైకి చిమ్ముతాయి. సన్నటి ధార విల్లులా వంగి సరిగ్గా నోటికి అందుతుంది. పెదవి దేనికీ తగలదు, ఎంగిలి అన్న మాటే లేదు. గ్లాసు అక్కర్లేదు, దోసిలి పట్టక్కర్లేదు. రోమ్‌లో పుట్టిన పిల్లలకు ఈ కిటుకు నడక వచ్చినంత సహజంగా వచ్చేస్తుంది. మనవాళ్లలో చాలామంది మాత్రం ఆ కుళాయి పక్కనుంచే నడిచి వెళ్లి, బండి దగ్గర చిన్న సీసా నీళ్లకు యూరోలు చెల్లిస్తారు. ఊరుకాని ఊళ్లో వీధి నీళ్లు తాగకూడదన్న జాగ్రత్త అది. చాలా దేశాల్లో ఆ జాగ్రత్త సరైనదే. రోమ్‌లో మాత్రం అవసరం లేదు. ఎందుకు అవసరం లేదో తెలియాలంటే ఈ కుళాయి కన్నా చాలా వెనక్కి వెళ్లాలి.

ఈ ఇనుప స్తంభం వయసు నూట యాభై ఏళ్లు. ఊరి బయటి ఊటల్ని తెచ్చి రోమ్ దాహం తీర్చే ఏర్పాటు వయసు 2,300 ఏళ్ల పైనే. నగరం పుట్టిన తర్వాత 441 ఏళ్ల పాటు రోమన్లు టైబర్ నది నీళ్లు, బావి నీళ్లు, ఊట నీళ్లతోనే గడిపారని తర్వాతి కాలపు నీటి అధికారి ఫ్రాంటినస్ రాశాడు. క్రీ.పూ. 312లో ఆపియస్ క్లాడియస్ అనే అధికారి 16 కిలోమీటర్ల పొడవున మొదటి కాలువ తవ్వించాడు. దాదాపు మొత్తం భూమి లోపలే పోయే కాలువ అది. అదే ఏడాది ఆయనే ఆపియన్ రహదారికీ శ్రీకారం చుట్టాడు. ఊరికి దారి, ఊరికి నీళ్లు ఒకే మనిషి చేతి మీదుగా మొదలయ్యాయి. ఆ తర్వాత అయిదు శతాబ్దాల్లో కాలువలు పదకొండయ్యాయి. వాటిలో ఆక్వా మార్సియా 90 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. చల్లదనానికి, స్వచ్ఛతకు దానికంత పేరు ఇంకొకదానికి లేదు. రోమన్ సేనాని అగ్రిప్ప క్రీ.పూ. 19లో తెచ్చిన ఆక్వా విర్గో కాలువే ఈనాటి ట్రెవీ ఫౌంటెన్‌కు నీళ్లిస్తోంది.

వీటన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది ఆ నీళ్లు ఎవరికి అందాయన్న సంగతి. ధనవంతుల ఇళ్లకు సీసపు గొట్టాల్లో నీళ్లు వెళ్లేవి, కానీ అది చక్రవర్తి అనుమతితో మాత్రమే. అనుమతి పొందిన మనిషి పోతే హక్కూ పోయేది. మామూలు జనానికి వీధి తొట్లుండేవి. అగ్రిప్ప ఒక్కడే 700 తొట్లు కట్టించాడని ప్రాచీన రచయిత ప్లినీ రాశాడు. నీళ్లు పంచే తొట్టిని మూడు భాగాలు చేసి, పక్క రెండింటిలో పొర్లిన నీళ్లు మధ్యదానికి, అంటే వీధి తొట్లకు చేరేలా కట్టాలని ఆనాటి వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పాడు. కరువొచ్చినా సామాన్యుడి తొట్టి ఎండకూడదన్న ఆలోచన ఆ లెక్కలో ఉంది.

క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఫ్రాంటినస్‌ను నీటి అధికారిగా వేశాడు. అంతకుముందు బ్రిటన్‌ను పాలించి, యుద్ధాలు చేసి వచ్చిన పెద్దమనిషి. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టడంతో ఆయనకు తృప్తి లేదు. కాలువల వెంట తిరిగాడు, ఒక్కోదాని ప్రవాహం కొలిచాడు, చూసిందంతా ఒక పుస్తకంగా రాశాడు. లెక్కల్లో ఉన్న నీటికీ, ఊటల దగ్గర బయల్దేరే నీటికీ, ఊళ్లోకి చేరే నీటికీ పొంతన కుదరలేదు. తవ్వి చూస్తే వీధుల కింద దొంగ గొట్టాలు బయటపడ్డాయి. కాలువ సిబ్బందే లంచం తీసుకుని కన్నాలు పెట్టి దుకాణాలకు, తోటలకు నీళ్లమ్ముకున్నారు. పీకించిన గొట్టాల నుంచి చాలా సీసం పోగయిందని కూడా ఆయన రాశాడు. మంచి మార్సియా నీళ్లు బట్టలుతికే చోట్లకు పోతున్నాయని మండిపడి, ఏ నీళ్లు తాగడానికో ఏవి తోటలకో విడదీశాడు. తొట్ల నుంచి పొర్లే నీళ్లు వృథా కావనీ, అవి మురుగుకాలువల్ని కడిగి నగరాన్ని ఆరోగ్యంగా ఉంచుతాయనీ చెప్పాడు. నసోనె ఎందుకు ఆగకుండా పారుతుందని అడిగేవాళ్లకు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటే దొరికిన జవాబిది.

క్రీ.శ. 537లో గోత్‌ల రాజు విటిజెస్ నగరాన్ని ముట్టడించి కాలువలన్నీ తెగ్గొట్టాడు. స్నానశాలలు ఎండిపోయాయి. పిండి మరలు తిప్పే నీళ్లు లేక, నగరాన్ని కాపాడుతున్న సేనాని బెలిసారియస్ టైబర్ మీద పడవల్లో మరలు కట్టించి జనానికి రొట్టె పెట్టాడు. ముట్టడి తొలగినా కాలువలు పూర్వపు స్థితికి రాలేదు. కొండల మీది పేటలు ఖాళీ అయ్యాయి, జనం నది వంపులోకి దిగి ఒకరి మీద ఒకరు ఇరుక్కుని బతికారు. వెయ్యేళ్ల పాటు రోమ్ చాలావరకు టైబర్ నీళ్లే తాగింది.

ఆ నీళ్లను అమ్మేవాళ్లను 'అక్వరోలి' అనేవారు. నదిలో నింపిన పీపాలతో ఇంటింటికీ తిరిగేవారు. కొన్న నీళ్లను బురద అడుక్కు దిగేదాకా రోజుల తరబడి కుండల్లో తేర్చుకోవాలి. ఈ నీళ్లు ఒంటికి మంచివా కావా అని 16వ శతాబ్దంలో వైద్యుల మధ్య పెద్ద వాదం నడిచింది. మంచివేనని పెట్రోని 1552లో పుస్తకం రాస్తే, కావని మోదియో 1556లో మరో పుస్తకం రాశాడు. మోదియో మాటే నిజమని ఈ రోజు ఏ బడిపిల్లవాడైనా చెప్పగలడు. ఊరి మురుగంతా అదే నదిలో కలిసేది మరి.

ఆ నీళ్లవాడి బొమ్మ రోమ్‌లో ఇప్పటికీ ఉంది. కోర్సో వీధి పక్కన వియా లాతా అనే ఇరుకు సందులో, గోడకు ఆనుకుని, టోపీ పెట్టుకున్న మనిషొకడు రెండు చేతులా పీపా పట్టుకుని నిలబడి ఉంటాడు. పీపా నుంచి సన్నగా నీళ్లు కారుతుంటాయి. దాదాపు 1580 నాటి శిల్పం. అది పోపును ధిక్కరించిన మార్టిన్ లూథర్ బొమ్మ అని పొరబడి జనం రాళ్లు రువ్వారట, ముఖం అరిగిపోయి ముక్కూ కళ్లూ ఆనవాలు పట్టలేనట్టు ఉంటుంది. ఆ కాలానికే పోపులు ఆక్వా విర్గోను బాగుచేయించారు, 1570 నుంచి ఊట నీళ్లు మళ్లీ ఊళ్లోకి నిండుగా రాసాగాయి. నీళ్లవాడి బతుకుతెరువు పోతున్న రోజుల్లో అతని బొమ్మ చేతుల్లోంచి జనానికి ఉచితంగా నీళ్లు పారించారు. రోమ్‌లో ఒకే ఒక్క ఫౌంటెన్ చూడమంటే ట్రెవీని వదిలి నేను ఈ సందుకే వెళ్తాను.

1587లో ఆక్వా ఫెలీచె, 1612 నాటికి ఆక్వా పావొలా కాలువలు వచ్చాయి. 1762లో ట్రెవీ పూర్తయింది. ఊళ్లో నీళ్లకు ఇంత వైభవం వచ్చినా, బయటినుంచి వచ్చే యాత్రికుడు వేసవి రోమ్ అంటే హడలిపోయేవాడు. చుట్టుపక్కల బీడు మైదానాల నుంచి వచ్చే 'రోమన్ జ్వరం', అంటే మలేరియా, వేలమందిని పొట్టన పెట్టుకునేది. రాత్రి గాలి సోకితే చావేనని కిటికీలు బిగించుకునేవారు. కారణం గాలి కాదని తేల్చిన తీగ ఒకటి మన నేల మీద మొదలైంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మనిషికి దాన్ని అంటించేది అనాఫలిస్ దోమ అని మరుసటి ఏడాది రోమ్‌లో శాస్త్రవేత్త గ్రాస్సి బృందం రుజువు చేసింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు దక్కింది. ఇవాళ రోమ్ వెళ్లే మనిషికి ఆ జ్వరం బెడద లేదు.

1870 సెప్టెంబరు 10న తొమ్మిదో పయస్ పోపు, పాత మార్సియా ఊటల నీళ్లను కొత్త గొట్టాల్లో నగరానికి తెచ్చే పథకాన్ని ప్రారంభించాడు. సరిగ్గా పది రోజులకు ఇటలీ సైన్యం కోట గోడ బద్దలుకొట్టి లోపలికొచ్చింది. పోపు ఏలుబడి ముగిసి రోమ్ కొత్త దేశానికి రాజధాని అయింది. రెండు లక్షల పైచిలుకు జనమున్న ఊరికి ఉద్యోగులు, కూలీలు, తాపీ మేస్త్రీలు వెల్లువెత్తారు. పేటలు లేస్తున్నాయి, ఇళ్లకు కుళాయిలు లేవు. అప్పటి మేయర్ లుయీజీ పియాంచాని హయాంలో, 1874లో, మొదటి విడతగా ఇరవై దాకా ఇనుప కుళాయిలు నాటారు. ఏ పోపు పేరూ, ఏ దేవదూత బొమ్మా లేని నీటి కట్టడం. పోత పోసి, ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెట్టొచ్చు. డ్రాగన్ తలలు ఖర్చు, శ్రమ అనిపించి కొన్నాళ్లకు వాటినీ తీసేశారు. మిగిలిందే ఇప్పటి నసోనె. ప్రాచీన రోమ్‌లో మూలమూలనా తొట్టి చేసిన పనిని ఇది మళ్లీ భుజాన వేసుకుంది. మన ఊళ్లలో ఎండాకాలం రెండు నెలలు పెట్టే చలివేంద్రం ఏడాది పొడవునా, నూట యాభై ఏళ్లుగా నడుస్తోందనుకోండి, అదీ నసోనె.

ఇప్పుడు రోమ్‌కు వచ్చే నీళ్లలో అధికభాగం రియేతీ పట్టణం వైపు కొండల్లోని పెస్కియెరా ఊటలది. ఇళ్లకు వెళ్లే తాగునీరే నసోనెలోనూ వస్తుంది, పరీక్షలు కూడా అవే. ధార ఆగదు కాబట్టి గొట్టంలో నీళ్లు నిలవ ఉండి పాడయ్యే సమస్య లేదు, ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. సున్నం పాలు కాస్త ఎక్కువ, సీసాలో తెల్లటి మరక కట్టొచ్చు, దానివల్ల హాని లేదు.

2017 వేసవిలో కరువొచ్చినప్పుడు, వృథా ఆపుతామంటూ రోజుకు ముప్పయి చొప్పున వీటిని కట్టేయడం మొదలుపెట్టారు. నసోనెలన్నిటిలో పోయే నీళ్లు మొత్తం సరఫరాలో ఒక శాతం పాటి. భూమి కింద చిల్లులుపడ్డ పైపుల్లో పోయేది నలభై శాతం పైన. ఇళ్లు లేక వీధుల్లో బతికేవాళ్లకు స్నానానికీ, దాహానికీ ఉన్న పెద్ద ఆధారం ఆ కుళాయి. జనం అభ్యంతరం చెప్పారంటే చెప్పరా? కారే పైపుల్ని వదిలి కళ్లెదుట కనిపించే ధారను నొక్కడం అన్యాయమని నా అభిప్రాయం కూడా.

జులై, ఆగస్టుల్లో రోమ్ ఎండ 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కోనసీమ ఎండకూ, రామగుండం ఎండకూ అలవాటైన మనకు ఇదో లెక్కా అనిపిస్తుంది. కానీ మన ఊళ్లో ఆ ఎండలో అయిదారు గంటలు నడవం. అక్కడ నడుస్తాం. ప్రాచీన శిథిలాలుండే ఫోరమ్‌లో చెట్టు నీడ తక్కువ, రాయి వేడి ఎక్కువ. టిక్కెట్టు వృథా కాకూడదని పెద్దవాళ్లు ఒంట్లో బాగోలేకపోయినా చెప్పరు. మూత్రశాల ఎక్కడుందో తెలియక నీళ్లే మానేసేవాళ్లూ ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రం చిక్కటి పసుపురంగులో రావడం కనబడితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం.

అందుకని వెళ్లేటప్పుడు స్టీలు సీసా ఒకటి, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు సంచిలో వేసుకోండి. కొలోసియంలోకి గాజు సీసాలు రానివ్వరు. దాహం వేసేదాకా ఆగకుండా, నసోనె కనిపించిన ప్రతిచోటా రెండు గుక్కలు తాగి, సీసా నింపి, మణికట్లూ మెడా తడుపుకోండి. చెమట బాగా పట్టిన రోజు ఉత్త నీళ్లు చాలవు, ఉప్పు కూడా వెళ్లాలి. ఫోరమ్‌కు పొద్దున్నే వెళ్లి, మిట్టమధ్యాహ్నం చర్చీల్లోనో మ్యూజియాల్లోనో గడపండి. ట్రెవీ తొట్టిలో నీళ్లు తాగేవి కావు, పక్కనే తాగే నీళ్ల ధార విడిగా ఉంది. ఏ ఫౌంటెన్ మీదైనా 'నోన్ పొటాబిలె' (తాగే నీళ్లు కావు) అని రాసుంటే ముట్టుకోవద్దు. గుండె, మూత్రపిండాల జబ్బుకు మందులు వాడే పెద్దవాళ్లు రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో బయల్దేరే ముందే తమ డాక్టరును అడగాలి. ఎవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ సొమ్మసిల్లితే నీడకు చేర్చి, నసోనె నీళ్లతో ఒళ్లు తడుపుతూ వెంటనే 112కు ఫోన్ చేయండి.